చుక్కలు కలిశాయి, బండి మాత్రం కొండ ఎక్కడం లేదు

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా టైమింగ్ గోలే, అంటే పిస్టన్ కదలికకి తగ్గట్టు వాల్వులు సరైన క్షణంలో తెరుచుకుని మూసుకోవడం గురించే. విశాఖలో వీధికొకరు నాన్నగారి బండో తాతగారి బండో షెడ్డులోంచి లాగి ఇంజన్ దింపుతున్నట్టున్నారు. మంచిదే. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైపోయింది, ఏమనుకోకండి, మిగతా వాటికి అదే పునాది.

ప్రశ్న: గురువుగారూ, మాది మర్రిపాలెం. మా నాన్నగారి 1986 మోడల్ బుల్లెట్ 350 పదేళ్లు మూలన పడి ఉంటే మొన్న వేసవిలో ఇంజన్ మొత్తం విప్పించాను. బోర్ చేయించి పిస్టన్, వాల్వులు, గైడ్లు మార్చాం. క్యామ్‌లు రెండూ అరిగిపోయాయంటే ఇన్‌లెట్ క్యామ్ ఒక షాపులో, ఎగ్జాస్ట్ క్యామ్ ఇంకో షాపులో దొరికాయి, టైమింగ్ పినియన్ పాతదే. పళ్ల చక్రాల మీద కొట్టిన గుర్తులు చుక్కకి చుక్క, గీతకి గీత కలిపే బిగించానని మెకానిక్ ఒట్టేసి చెబుతున్నాడు, నేనూ దగ్గరుండి చూశాను. కానీ నాలుగైదు కిక్కులకి గానీ అందుకోదు, కిక్ రాడ్ మునుపటిలా గట్టిగా తగలడం లేదు, సింహాచలం కొండ మీదికి మూడో గేరులో వెళ్లే బండి ఇప్పుడు రెండుకి దించినా మూలుగుతోంది. సైలెన్సర్‌లో టప్ టప్‌మని పేలుతుంది, ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే బెండు పైపు నీలం తిరిగింది. కార్బొరేటర్ రెండుసార్లు మార్చాం. చుక్కలు కలిసినా టైమింగ్ తప్పు ఉండొచ్చా?

జవాబు: ఉండొచ్చు బాబూ, నిక్షేపంలా ఉండొచ్చు. మీ మెకానిక్ అబద్ధం చెప్పలేదు, మీ కళ్లూ మోసం చేయలేదు, చుక్కలు కలిసే ఉంటాయి. ఆ చుక్క సరైన పన్ను మీదే కొట్టారా అన్నది మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

పిస్టన్ తిప్పే ఇరుసు క్రాంకు, దాని మీది చిన్న పళ్ల చక్రం పినియన్, వాల్వుల్ని ఎత్తే బొడిపె ఉన్నది క్యామ్. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది, కాబట్టి క్యామ్ చక్రానికి పినియన్‌కి రెట్టింపు పళ్లుంటాయి. లెక్క సులువుగా ఉంటుందని పినియన్‌కి 24 పళ్లు అనుకుందాం, మీ దానికి ఎన్నున్నాయో మీరే లెక్కపెట్టుకోండి. 24 అయితే ఒక్క పన్ను తప్పితే క్రాంకు మీద 15 డిగ్రీలు తేడా వచ్చేస్తుంది. చుక్క సరిగ్గానే ఉండి, క్యామ్ బొడిపె చక్రం మీద 3 డిగ్రీలు పక్కకి కూర్చుందనుకోండి, అది క్రాంకు దగ్గరికొచ్చేసరికి 6 డిగ్రీలవుతుంది. పినియన్, రెండు క్యామ్‌లు ఒకే చోట తయారై ఒకే పెట్టెలో వచ్చిన రోజుల్లో చుక్కని నమ్మి బిగించేసేవాళ్లం. మీ ఇంజన్‌లో మూడూ మూడు ఊళ్ల చుట్టాలు.

నాకు ఈ బుద్ధి వచ్చింది కంచరపాలెంలో షాపు నడిపే రోజుల్లో. షిప్‌యార్డులో పనిచేసే ఒకాయన బుల్లెట్‌కి క్యామ్‌లు మార్చి ఇచ్చాను, అచ్చం మీ జబ్బే. కవర్ మూడుసార్లు విప్పాను, మూడుసార్లూ చుక్కలు చక్కగా ఎదురెదురుగా నవ్వుతూ కనిపించాయి. నాలుగోసారి మా అమ్మాయి జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తెచ్చి, అట్టముక్క మీద గీతలు గీసి కొలిస్తే ఎగ్జాస్ట్ క్యామ్ ఒక పన్ను వెనక ఉంది. చుక్కే పక్క పన్ను మీద కొట్టారు. చుక్కని పక్కన పెట్టి ఒక పన్ను జరిపి బిగించాను, బండి బాగుపడింది. ఆయన మాత్రం నాలుగు వారాలు బస్సెక్కి డ్యూటీకి వెళ్లినందుకు నాకు చాలాకాలం వడ్డీతో సహా వినిపించారు.

సరే, కవర్ విప్పే ముందు సులువైనవి చూడండి. బుల్లెట్ పాత ఇంజన్‌కి ట్యాపెట్ గ్యాప్, అంటే క్యామ్ నుంచి వాల్వు దాకా ఉండే భాగాల మధ్య సందు, చల్లగా ఉన్నప్పుడు సున్నా. అంటే కంప్రెషన్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు క్యామ్ ఎత్తుని పైన వాల్వుకి చేర్చే కడ్డీ, పుష్ రాడ్, వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. కొత్త వాల్వులు వేశాక సీటు కాస్త కూర్చుంటుంది, వాల్వు లోపలికి జరుగుతుంది, ట్యాపెట్ బిగుసుకుంటుంది, ఇక వాల్వు పూర్తిగా మూసుకోదు. కిక్ మెత్తబడడానికి అదొక్కటే చాలు. చాలామంది ఇక్కడే దొరికిపోతారు. ఇగ్నిషన్ వెనకబడినా బెండు నీలం తిరుగుతుంది, బెండు హెడ్డులో దూరే చోట గాలి పీలిస్తే సైలెన్సర్ పేలుతుంది. అందుకని ఒక్కో లక్షణం చూసి క్యామ్ మీద పడకూడదు. మీ విషయంలో కిక్ మెత్తన, లాగుడు లేకపోవడం, పేలుళ్లు, నీలం అన్నీ ఒకేసారి, అదీ క్యామ్‌లు మార్చిన మర్నాటి నుంచీ. ఇన్‌లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటే పీల్చిన మిశ్రమంలో కొంత పిస్టన్ పైకొచ్చేటప్పుడు మళ్లీ కార్బొరేటర్ వైపే వెనక్కి తోసేస్తుంది, నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇది ఇంకా ఎక్కువ. కొండ మీద చచ్చిపోయేది అందుకే. ట్యాపెట్లూ, ఇగ్నిషనూ సరిగ్గానే ఉంటే నేనైతే క్యామ్‌నే అనుమానిస్తాను.

ఇక కొలవడం. బండికి ఎడమవైపు ఉండే ప్రైమరీ కవర్ తీసి, క్రాంకు కొన మీది రోటార్ నట్టు దగ్గర డిగ్రీ డిస్క్ (అంచు చుట్టూ డిగ్రీల గీతలున్న బిళ్ల) బిగించండి, ఏదో ఒక స్క్రూకి గట్టి ఇనుప తీగ చుట్టి దాని కొన సూదిలా అరగదీసి డిస్క్ అంచుకి ఆనీ ఆనకుండా వంచండి. ప్లగ్గు తీసి, మెయిన్ స్టాండు వేసి, టాప్ గేరులో వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే ఇంజన్ మీరు చెప్పినట్టు వింటుంది. కిక్ రాడ్ జోలికి పోకండి.

మొదటి పని పిస్టన్ నిజంగా ఎక్కడ పైకొస్తుందో పట్టుకోవడం, దీన్నే టీడీసీ అంటాం. పాత ప్లగ్గు పింగాణీ పగలగొట్టి తీసేసి, ఆ ఖాళీ గుల్లలో ఒక బోల్టు వెల్డింగ్ చేయించండి, కొన గుండ్రంగా అరగదీయించండి, లేకపోతే పిస్టన్ మీద గాటు పడుతుంది. పుష్ రాడ్లు తీసి వాల్వులు రెండూ మూసి ఉంచి, దాన్ని ప్లగ్గు కన్నంలో బిగించండి. ఇప్పుడు చక్రం మెల్లిగా తిప్పితే పిస్టన్ వచ్చి బోల్టుకి తగిలి ఆగుతుంది, డిస్క్ మీద ఎంతుందో రాసుకోండి. వెనక్కి తిప్పుకుంటూ వెళ్తే అటువైపు నుంచి వచ్చి మళ్లీ తగులుతుంది, అదీ రాసుకోండి. ఒకవైపు 28, మరోవైపు 36 వచ్చిందనుకోండి, మొత్తం 64, సగం 32. రెండు వైపులా 32 చూపించేలా సూదిని 4 డిగ్రీలు జరపండి, సున్నా ఎక్కడుందో అదే అసలు టీడీసీ. ఇది కుదిరిందాకా ముందుకి వెళ్లొద్దు. ఇక్కడ 4 డిగ్రీలు తప్పితే చివర్లో క్యామ్‌ని తిట్టుకుంటారు, తప్పు మాత్రం సూదిది.

తర్వాత బోల్టు తీసేసి, పుష్ రాడ్లు పెట్టి, ట్యాపెట్ సున్నాకి పెట్టి, రాకర్ కవర్ తీసి ఇన్‌లెట్ వాల్వు స్ప్రింగ్ టోపీ మీద డయల్ గేజి (చిన్న కదలికని ముల్లుతో చూపే కొలత సాధనం) ఆనించండి. వాల్వు తెరుచుకోవడం మొదలయ్యే క్షణాన్ని పట్టుకుందామని చూడొద్దు, క్యామ్ అంచు అక్కడ చాలా నిదానంగా ఎత్తుతుంది, పది డిగ్రీలు ఇటూ అటూ అయినా తెలియదు. పూర్తిగా ఎత్తిన చోటూ అంతే, క్యామ్ ముక్కు, అంటే బొడిపె కొన, దగ్గర గేజి కదలక నిద్రపోతుంది. వాల్వు 1 మిల్లీమీటరు లేచినప్పుడు డిస్క్ చూడండి, మొత్తం లేచి దిగుతూ మళ్లీ 1 మిల్లీమీటరు మిగిలినప్పుడు డిస్క్ చూడండి, రెండింటికీ మధ్య చోటే క్యామ్ ముక్కు. ఎప్పుడూ ఇంజన్ నడిచే దిక్కులోనే తిప్పుతూ రావాలి. పొరపాటున దాటిపోతే ఒక 30, 40 డిగ్రీలు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకి రండి, లేకపోతే పళ్ల మధ్య ఉండే ఆట మీ కొలతలోకి దూరుతుంది.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. మాన్యువల్లో ఇన్‌లెట్ టీడీసీకి 30 డిగ్రీల ముందు తెరుచుకుని, పిస్టన్ కిందికి చేరిన 60 డిగ్రీల తర్వాత మూసుకుంటుంది అని ఉందనుకోండి. 30, 180, 60 కలిపితే 270, అందులో సగం 135, ముందు పోయిన 30 తీసేస్తే 105. అంటే ముక్కు టీడీసీ తర్వాత 105 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎగ్జాస్ట్‌కి పిస్టన్ కిందికి చేరడానికి 75 డిగ్రీల ముందు తెరుచుకుని టీడీసీ తర్వాత 35కి మూసుకుంటుంది అని ఉంటే అదే లెక్కన టీడీసీకి 110 డిగ్రీల ముందు వస్తుంది. ఇప్పుడు మీ కొలతలో ఇన్‌లెట్ టీడీసీ తర్వాత 5 డిగ్రీల దగ్గర 1 మిల్లీమీటరు లేచి, 235 దగ్గర 1 మిల్లీమీటరుకి దిగిందనుకోండి, కలిపితే 240, సగం 120. ఉండాల్సింది 105, ఉన్నది 120, పదిహేను డిగ్రీలు ఆలస్యం. 24 పళ్ల లెక్కలో సరిగ్గా ఒక పన్ను. ఇంకేం, దొంగ దొరికాడు.

రెండు మూడు డిగ్రీల తేడాకి నేను బుర్ర పాడుచేసుకోను, బుల్లెట్‌తో మనం రేసులకి వెళ్లడం లేదు. ఒక పన్ను తేడా అయితే చుక్కని మర్చిపోయి పన్ను జరపండి, కొత్త చోట పెయింటుతో మీ సొంత చుక్క పెట్టుకోండి, పదేళ్ల తర్వాత విప్పేవాడు మిమ్మల్ని తిట్టకుండా. చిక్కంతా ఏడెనిమిది డిగ్రీల తేడాతోనే. పన్ను జరిపితే అటు ఏడు, జరపకపోతే ఇటు ఎనిమిది. ట్రయంఫ్ ట్విన్ ఇంజన్ల క్యామ్ చక్రానికి మూడు కీ గాళ్లు (చక్రాన్ని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క కూర్చునే చోట్లు) కోసి ఇచ్చేవారు, కీ మార్చితే పన్నులో కొంత భాగం మాత్రమే జరిగేది, ఎంత ముందుచూపో చూడండి. మనకి ఆ భాగ్యం లేదు. మెట్టు కీ, అంటే సగం ఒక పక్కకి జరిగి ఉండేలా కోసిన కీ, చేయించుకోవడం ఒక దారి, మంచి లేత్ మనిషి దొరికితే సాధ్యమే, కానీ నా సలహా ఆ క్యామ్ వాపసు ఇచ్చేసి వేరేది తెచ్చి మళ్లీ కొలవమనే. రెండు క్యామ్‌లూ ఒకే చోటివి తీసుకోండి.

పినియన్ దాకా వెళ్లాల్సి వస్తే దాని ముందు ఆయిల్ పంపుని తిప్పే వర్మ్ నట్టు ఉంటుంది, అది ఎడమ మర, మామూలుకి తిరగేసి తిప్పితేనే విడుతుంది. మామూలు నట్టులా విప్పబోయి పైపు వేసి మరీ లాగి క్రాంకు కొన పాడుచేసిన వాళ్లని నేను ముగ్గురిని చూశాను. అంతా బిగించాక కిక్ కొట్టే ముందు చేత్తో క్రాంకుని రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలం పెట్టొద్దు, అక్కడ వాల్వు పిస్టన్‌ని ముద్దు పెట్టుకుంటోందని అర్థం. అనుమానం ఉంటే హెడ్డు ఎత్తి పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే క్లే ముద్ద పెట్టి, మళ్లీ బిగించి రెండు చుట్లు తిప్పి, విప్పి, నొక్కుకుపోయిన క్లేని బ్లేడుతో కోసి మందం చూడండి. ఇన్‌లెట్ వైపు ఒకటిన్నర, ఎగ్జాస్ట్ వైపు 2 మిల్లీమీటర్లకి తగ్గితే నేను బండి స్టార్ట్ చేయనివ్వను. మామూలు బుల్లెట్ పిస్టన్‌తో ఆ బాధ రాదు, పైకి ఉబ్బిన పిస్టన్ వేయించిన వాళ్లకే ఈ మాట.

ప్రశ్న: సర్, నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను, మాది ఎంవీపీ కాలనీ. మా పెదనాన్నగారి బుల్లెట్ నేనే రీబిల్డ్ చేస్తున్నాను. డిగ్రీ డిస్క్ ప్రింట్ తీసి పాత సీడీ మీద అంటించాను. ప్లగ్గు కన్నంలోంచి సైకిల్ స్పోక్ పెట్టి, అది పైకి లేవడం ఆగిన చోట సున్నా పెట్టుకుని ఇన్‌లెట్ క్యామ్ కొలిస్తే ఒకసారి 104, ఒకసారి 111, ఇంకోసారి 98 వచ్చింది. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. ఏది నమ్మాలి?

జవాబు: ఏదీ నమ్మొద్దమ్మా, మూడుసార్లు కొలిచిన నిన్ను మాత్రం నేను నమ్ముతాను. ఒక్కసారి కొలిచి 104 వచ్చిందని బిగించేసి ఉంటే ఎవరూ నవ్వేవారు కాదు, కానీ తప్పు లోపలే ఉండిపోయేది.

స్పోక్ దగ్గరే వచ్చింది తంటా. పిస్టన్ పైకొచ్చిన చోట దాదాపు ఆగిపోయినట్టే ఉంటుంది. బుల్లెట్‌ది 90 మిల్లీమీటర్ల స్ట్రోక్, అంత పొడుగు స్ట్రోక్‌లో కూడా టీడీసీకి 5 డిగ్రీల ముందు నుంచి టీడీసీకి పిస్టన్ కదిలేది సుమారు 0.2 మిల్లీమీటర్లే. మందపాటి కాగితం రెండు పొరలంత. స్పోక్ ఆగిందని నీ కంటికి అనిపించిన చోటు నుంచి అసలు టీడీసీ ఇటు ఐదు, అటు ఐదు డిగ్రీల్లో ఎక్కడైనా ఉండొచ్చు, నీ అంకెలు ఎగిరిపడుతున్నది దాదాపు ఆ మేరకే. పై జవాబులో చెప్పిన ప్లగ్గు బోల్టు చేయించుకో, రెండు వైపులా తగిలించి సగం తీసుకో. పిస్టన్ వేగంగా కదిలే చోట తగులుతుంది కాబట్టి అర డిగ్రీ తేడా కూడా తెలిసిపోతుంది.

సీడీ ఆలోచన నచ్చింది గానీ అది చిన్నది. 120 మిల్లీమీటర్ల సీడీ అంచు మీద ఒక డిగ్రీ అంటే దాదాపు 1 మిల్లీమీటరు, నీ తీగ కొన మందమే అంత ఉంటుంది. మధ్య కన్నం 15 మిల్లీమీటర్లు, అంతకంటే సన్నటి స్టడ్డు మీద పెడితే డిస్క్ పక్కకి కూర్చుంటుంది, అప్పుడు ఒకవైపు డిగ్రీలు సాగుతాయి, ఇంకోవైపు ముడుచుకుంటాయి. ఇంట్లో పాత స్టీలు కంచం ఉంటుంది, సుమారు 25 సెంటీమీటర్లది, అమ్మని అడిగి తీసుకో. దానికి సరిగ్గా మధ్యలో కన్నం కొట్టించి పెద్ద ప్రింట్ అంటించు, డిగ్రీకి 2 మిల్లీమీటర్ల పైనే చోటు దొరుకుతుంది.

ఇంకొక మాట, నువ్వు రాయలేదు గానీ ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. డిస్క్ ప్రైమరీ వైపు, అంటే బండికి ఎడమవైపు పెట్టావా? అటునుంచి చూస్తే ఇంజన్ గడియారానికి వ్యతిరేకంగా తిరుగుతుంది. కుడివైపు నుంచి చూస్తే గడియారం దిక్కు. డిస్క్ మీద అంకెలు ఎటు పెరుగుతున్నాయో చూడకపోతే టీడీసీ ముందు, తర్వాత తారుమారైపోయి ఆలస్యంగా ఉన్న క్యామ్ తొందరగా ఉన్నట్టు కనిపిస్తుంది, నువ్వు తప్పు దిక్కులో పన్ను జరుపుతావు, 15 కాస్తా 30 అవుతుంది. తిప్పే ముందు కంచం మీద స్కెచ్ పెన్నుతో బాణం గుర్తు వేసుకో.

కొలతలు తీశాక ఒక చిన్న సరిచూపు ఉంది. సున్నా దగ్గర, ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకునే టీడీసీలో ఆపి, రెండు వాల్వులూ ఎంతెంత లేచి ఉన్నాయో గేజితో చూడు. రెండూ ఇంచుమించు సమానంగా ఉంటే క్యామ్‌లు ఒకదానికొకటి కుదురుగా ఉన్నట్టే. ఒకటి బాగా లేచి ఇంకోటి పడుకుని ఉంటే పన్ను తప్పినట్టే. మా షాపులో హడావిడిగా ఉన్నప్పుడు మొదట ఇదే చూసేవాళ్లం. పెదనాన్నగారికి నా నమస్కారాలు చెప్పు, బండి నీ చేతిలో పెట్టినందుకు.

ప్రశ్న: అన్నా, గాజువాక నుంచి రాస్తున్నా. నా ఆర్‌ఎక్స్ 100 ఇంజన్ కట్టించాను. బిల్లులో క్యామ్ టైమింగ్ సెట్టింగ్ అని 1,200 రాశారు. అయినా పికప్ రాలేదు. మళ్లీ సెట్ చేయించాలా?

జవాబు: తమ్ముడూ, ఆర్‌ఎక్స్ 100లో క్యామే లేదు. అది టూ స్ట్రోక్ బండి, వాల్వుల పని సిలిండర్ గోడలో ఉన్న కిటికీలూ పిస్టనూ చూసుకుంటాయి, ఇన్‌లెట్ దగ్గర రీడ్ వాల్వు ఉంటుంది, అంతే. రాజ్‌దూత్ 175 అయినా, పాత జావా, పాత యెజ్డీ అయినా అదే టూ స్ట్రోక్ కుటుంబం. ఆ 1,200కి ఏం సెట్ చేశారో అడిగి నాకూ రాయండి, నేనూ నేర్చుకుంటాను. పికప్ సంగతంటారా, రీడ్ రేకులు పగుళ్లిచ్చాయేమో, సైలెన్సర్ లోపలి గొట్టం మసితో మూసుకుపోయిందేమో చూడండి, ముందు ఆ రెండూ.

ప్రశ్న: సార్, మాది మధురవాడ. హీరో హోండా సీడీ 100, హెడ్ గ్యాస్కెట్ పోతే హెడ్డు అడుగు గీరి చదును చేసే ఫేసింగ్ చేయించి బిగించాం. అప్పటి నుంచి పైన స్ప్రాకెట్ మీద గుర్తు హెడ్డు గుర్తుకి సరిగ్గా రావడం లేదు, అర పన్ను తేడాగా ఉంటుంది. ఒక పన్ను జరిపితే అటు అర పన్ను. ఫేసింగ్ వల్లే ఇలా అయిందా?

జవాబు: ఫేసింగ్ పాత్ర కొంత ఉంటుంది గానీ అంత కాదు. బుల్లెట్‌లో క్యామ్‌లు కింద క్రాంకు పక్కనే పళ్ల చక్రాలతో తిరుగుతాయి, హెడ్డు ఎంత గీరినా టైమింగ్ మారదు, పుష్ రాడ్ సర్దుబాటు మాత్రం మారుతుంది. మీ బండిలో క్యామ్ పైన హెడ్డులో ఉంది, చైను లాగుతుంది. హెడ్డు కిందికి దిగితే లాగే వైపు చైను ఆ మేరకి వదులై క్యామ్ వెనకబడుతుంది. స్ప్రాకెట్ 45 మిల్లీమీటర్ల వెడల్పు అనుకుంటే అర మిల్లీమీటరు గీరితే క్రాంకు మీద రెండున్నర డిగ్రీలు వెనకబడుతుంది. అర పన్ను అంటే దానికి కొన్ని రెట్లు. హెడ్డు అంత గీరి ఉంటే మీకు వేరే కష్టాలు వచ్చేవి.

నా అనుమానం రెండింటి మీద. చైను సాగిపోయి ఉండొచ్చు, సాగినా క్యామ్ వెనకబడేదే. ఇంజన్ విప్పినప్పుడు మూడు వందలకి కక్కుర్తిపడి పాత చైనే వేస్తారు. రెండోది, మ్యాగ్నెట్ చక్రం మీద టి అని ఒక గీత, ఎఫ్ అని ఇంకో గీత దగ్గర దగ్గరగా ఉంటాయి. టి అంటే టీడీసీ, ఎఫ్ అంటే ప్లగ్గు మంట పెట్టే చోటు, అది టీడీసీకి ముందు ఉంటుంది. గ్రీజూ మురికీ పట్టిన చిన్న కిటికీలోంచి చూసి ఎఫ్‌ని టి అనుకుని పైన గుర్తు కలపబోతే సరిగ్గా ఇలాగే ఎంతకీ కలవదు. టార్చి వేసి, గుడ్డతో తుడిచి, ఏ గీతో చూసుకోండి. టి దగ్గర పెట్టాక వాల్వుల్ని నొక్కే రాకర్లు రెండూ వదులుగా ఉండాలి, లేకపోతే ఒక చుట్టు తిప్పండి. లాగే వైపు చైను బిగుతుగా ఉంచి, ఆటంతా చైనుని బిగుతుగా ఉంచే టెన్షనర్ వైపుకి తోసి అప్పుడు గుర్తు చూడండి. చైను కొసకి సన్న తీగ కట్టి ఉంచడం మర్చిపోకండి, అది కిందికి జారితే ఆ సాయంత్రం సీరియల్ చూడలేరు.

ప్రశ్న: భీమిలి నుంచి. నా పాత బుల్లెట్ కిక్ వెనక్కి తన్ని మడమ వాచిపోయింది. క్యామ్ టైమింగ్ తప్పింది, ఇంజన్ ఓపెన్ చేయాలి అంటున్నాడు మెకానిక్. ఓపెన్ చేయించనా?

జవాబు: వద్దు. కిక్ వెనక్కి తన్నేది మంట తొందరగా పడడం వల్ల, క్యామ్ వల్ల కాదు. ప్లగ్గుకి మంట పంపే పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉందా చూసి, పిస్టన్ టీడీసీకి 0.8 మిల్లీమీటర్లు కింద ఉండగా పాయింట్లు విడిపోతున్నాయా చూడండి, ఆమీటరు సూది ఆ క్షణంలో మధ్యకి ఎగురుతుంది. పాయింట్ల వెనక, వేగాన్ని బట్టి మంటని ముందుకి జరిపే అడ్వాన్స్ యూనిట్‌లో బరువులు, స్ప్రింగులు ఉంటాయి, మన సముద్రపు గాలికి అవి తుప్పు పట్టి ముందుకి జరిగిన చోటే అతుక్కుపోతాయి, నెమ్మదిగా తిరిగినా మంట తొందరగానే పడుతుంది. భీమిలి అన్నారు కాబట్టి ముందు అదే విప్పి చూస్తాను నేనైతే. కవర్ విప్పి చేత్తో తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి, రాకపోతే కిరసనాయిలుతో కడిగి చుక్క నూనె వేయండి. మడమకి ఐస్ పెట్టుకోండి, తగ్గేదాకా ఇంకొకరితో కిక్ కొట్టించండి. సిలిండర్‌లో ఒత్తిడి వదిలే మీట, డీకంప్రెసర్, నొక్కి పిస్టన్‌ని కంప్రెషన్ దాటించి, అప్పుడు నిండుగా ఒకే కిక్ కొట్టాలని వాళ్లకీ చెప్పండి.

ప్రశ్న: చినవాల్తేరులో బీచ్‌కి దగ్గర్లో ఉంటాం. రెండేళ్లు కదపని బుల్లెట్ విప్పితే ఎగ్జాస్ట్ క్యామ్ ముక్కు మీద తుప్పు గుంటలు కనిపించాయి. ఎమరీ కాగితంతో రుద్దేసి వేసుకోవచ్చా? టైమింగ్ మారుతుందా?

జవాబు: ముక్కు మీద, పక్క ఎత్తు మీద గుంటలుంటే రుద్దొద్దు. గుంట పోయేదాకా రుద్దితే క్యామ్ ఆకారమే పోతుంది, పైన చెప్పిన కొలతలకి ఇక అర్థం ఉండదు, పైగా గట్టి పొర అరిగిపోయి కింద మెత్తటి ఇనుము బయటపడుతుంది, వెయ్యి కిలోమీటర్లకి గుంత పడుతుంది. వెనక గుండ్రటి వైపు చిన్న మచ్చలుంటే సన్న కాగితంతో నూనె వేసి తుడిచి వాడుకోవచ్చు, అక్కడ బరువు పడదు. క్యామ్ మార్చితే దాని మీద కూర్చునే ట్యాపెట్ కూడా మార్చండి, పాత ట్యాపెట్ కొత్త క్యామ్‌ని తినేస్తుంది. బిగించేటప్పుడు ఆ రెండు ముఖాలకీ మాలిబ్డినం గ్రీజు రాయండి.

మీ ఉత్తరం చూస్తే ఆ రెండేళ్లూ ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకున్న చోట ఇంజన్ ఆగి ఉంటుందని నా అంచనా. క్యామ్ ముక్కు మీద ఆయిల్ పొర పిండుకుపోయి, సైలెన్సర్ దారిన ఉప్పు తేమ లోపలికి వచ్చిపోతూ ఉండి ఉంటుంది. సిలిండర్ లోపలా, వాల్వు సీటూ కూడా చూడండి, మచ్చ ఉండకుండా ఉండదు. ఇకమీదట బండి నెలకి పైగా ఆపేటట్టయితే కంప్రెషన్‌లో పిస్టన్ పైకి వచ్చే చోట ఆపండి, వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి. సైలెన్సర్ మూతికి ఒక నూనె గుడ్డ కుక్కండి. తీసేటప్పుడు ప్లగ్గు కన్నంలో చెంచాడు ఆయిల్ పోసి, ప్లగ్గు బిగించకుండానే నాలుగుసార్లు కిక్ రాడ్ మెల్లిగా నొక్కి, ఆ తర్వాతే స్టార్ట్ చేయండి. గుడ్డ తీయడం మర్చిపోవద్దు, మా బావమరిది మర్చిపోయి అరగంట కిక్ కొట్టాడు.